పాలు నేరుగా పట్టడమా, పిండి పట్టడమా, డబ్బాపాలా: ఇద్దరు పిల్లల తర్వాత నా లెక్క

బాలింతను చూడటానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట "పాలు పడ్డాయా?" నా పెద్దమ్మాయి పుట్టిన నాలుగు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పడ్డాయంటే "ఇంకేం, హాయి" అనేవాళ్లు. ఇంకా లేదంటే తలా ఒక సలహా ఇచ్చి వెళ్లేవాళ్లు. బిడ్డకు పాలు పట్టే పద్ధతులు ఎన్ని, ఏ పద్ధతికి రోజులో ఎన్ని గంటలు పోతాయి, ఎవరి నిద్ర పాడవుతుంది, నెల తర్వాత మనసు మారితే వెనక్కి రావచ్చా... ఇవేవీ ఎవరూ చెప్పలేదు. పెద్దదాని దగ్గర ఒకరకంగా, చిన్నోడి దగ్గర ఇంకోరకంగా నేర్చుకున్నాను. మా వదిననూ చెల్లినీ దగ్గరుండి చూశాను. అందుకే ఈ పోలిక.

తల్లిపాలు గొప్పవా, డబ్బాపాలు గొప్పవా అన్న వాదన జోలికి పోను. అది ఎప్పుడో తేలిపోయింది. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలని, 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని, ఆ తర్వాత మెత్తటి ఆహారంతో పాటు 2 ఏళ్ల వరకూ, ఇష్టమైతే ఆపైనా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుదిరితే అంతకన్నా కావాల్సింది లేదు. కుదరనప్పుడు ఏది, ఎంతవరకు అన్నదే ఇక్కడి విషయం. ఇది ఒక్కసారి తేల్చుకుని తాళం వేసే నిర్ణయం కూడా కాదు. ఇద్దరు పిల్లలకూ కలిపి నేను కనీసం ఆరుసార్లు మార్చాను.

నేరుగా పట్టడం: కష్టమంతా ముందే

అప్పుడే పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగుతుంది. ఒక్కోసారికి అరగంట వేసుకున్నా రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు. సాయంత్రాలైతే వదిలిన పది నిమిషాలకే మళ్లీ కావాలంటుంది. అది పాలు చాలక కాదు, చాలామంది పిల్లలు ఆ వేళ వరసబెట్టి తాగుతారు. సుమారు ఆరు వారాలు ఇలా ఓపిక పడితే తర్వాత పది, పదిహేను నిమిషాల్లో ముగించేస్తారు. కడగడానికి సీసా ఉండదు, మరిగించడానికి నీళ్లు ఉండవు. బయటికి వెళ్తే సంచిలో డైపర్లు పెట్టుకుంటే చాలు. అంటే ఈ పద్ధతిలో అప్పు ముందే తీర్చేస్తాం, తర్వాత హాయి. చాలామంది సరిగ్గా మూడో వారంలో, హాయి మొదలవడానికి కొంచెం ముందు, విసిగి వదిలేస్తారు. నేనూ అంతవరకు వచ్చినదాన్నే.

నేను చేసిన తప్పు చనుమొన ఒక్కటే బిడ్డ నోట్లో పెట్టడం. మూడో రోజుకే చీరుకుపోయింది. బిడ్డ ఏడుపు వినబడితే చాలు, నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. పళ్లు బిగించి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకునేదాన్ని. మొదట్లో ఇలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి అన్నారు అందరూ. చివరికి రాత్రి డ్యూటీ నర్సు ఒకావిడ పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న దిండు తీసేసి, నన్ను కాస్త వెనక్కి వాల్చి, బిడ్డ పొట్ట నా పొట్టకు ఆనేలా తిప్పింది. బిడ్డ పై పెదవికి చనుమొన తాకించి "ఇప్పుడు ఆగు" అంది. ఆవలించినట్టు నోరు బార్లా తెరిచేదాకా ఆగాం. అప్పుడు బిడ్డను రొమ్ము మీదకు తెచ్చింది. అంతకుముందు నేను రొమ్మునే బిడ్డ వైపు తోసేదాన్ని. గడ్డం రొమ్ముకు నొక్కుకుంది, కింది పెదవి బయటికి తిరిగింది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనబడింది. నొప్పి కొన్ని క్షణాలే ఉండి పోయింది. బిడ్డ వదిలాక చనుమొన గుండ్రంగా ఉంటే పట్టు సరిగ్గా ఉన్నట్టు. వాడేసిన లిప్‌స్టిక్‌లా ఒక పక్కకు వాలుగా నొక్కుకుపోయి ఉంటే మళ్లీ సరిచేయాలి. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు అయిదు రోజులు పట్టింది. సరిచేసినా నొప్పి పోకపోతే పాలు పట్టించడంలో శిక్షణ ఉన్నవాళ్లకు చూపించండి. బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో కూడా వాళ్లు చూస్తారు.

ఇక పాలు చాలుతున్నాయా లేదా అన్నది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా, పసుపుగా, చెంచాడంత. తొలి రోజు బిడ్డ పొట్టలో పట్టేది కూడా ఒక విడతకు చెంచాడు, చెంచాడున్నర అంతే. పాలు ధారగా పడేది సాధారణంగా 2 నుంచి 5 రోజుల మధ్య. సిజేరియన్ అయితే, ప్రసవంలో రక్తం ఎక్కువ పోతే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. పుట్టిన బరువులో 7 శాతం వరకు తగ్గడం మామూలే. 10 శాతం దగ్గరకు వస్తే డాక్టరు చూడాలి. 10 నుంచి 14 రోజులకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. ఇంట్లో చూసుకోవాల్సింది డైపర్లు. మొదటి రోజు ఒకటి తడిస్తే చాలు, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ అయిదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరు బరువుగా తడవాలి. విరేచనం నల్లటి రంగు వదిలి పసుపుకు తిరగాలి. రొమ్ము మెత్తబడింది, బిడ్డ ఏడుస్తోంది, పాలు పిండే పంపు పెడితే కొంచెమే వచ్చింది... ఈ మూడింటినీ పట్టుకుని పాలు లేవని తేల్చేయకండి. ఆరు వారాలు దాటాక రొమ్ము మెత్తగానే ఉంటుంది, పాలు అలాగే వస్తుంటాయి.

తల్లికి వచ్చే లాభాల గురించి జనం పెద్దగా మాట్లాడరు. మొత్తం మీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 4.3 శాతం తగ్గుతుందని 2002లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. బిడ్డకు 6 నెలల లోపు వయసుండి, తల్లికి నెలసరి ఇంకా మొదలవక, పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తున్నప్పుడు మళ్లీ గర్భం రాకుండా 98 శాతం దాకా రక్షణ ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ లెక్క చెల్లదు. నష్టాలూ ఉన్నాయి. రాత్రి లేచేది మీరే. రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా కావాలి కాబట్టి ఆకలి దంచేస్తుంది. తల్లిపాలే తాగే బిడ్డకు విటమిన్ డి చుక్కలు విడిగా వేయాలి, మామూలుగా రోజుకు 400 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు). రాత్రి నిద్రమత్తులో సోఫాలో కూర్చుని పట్టకండి. కునుకు పడితే బిడ్డకు అంతకంటే ప్రమాదమైన చోటు లేదు.

పంపు: వెసులుబాటు అనుకుని కొన్నది

చిన్నోడు 33 వారాలకే పుట్టాడు. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేసే శక్తి ఆ వయసు పిల్లలకు ఇంకా కుదురుకోదు. ముక్కులోంచి గొట్టంతో పట్టేవాళ్లు. నేను చేయాల్సిందల్లా పాలు పిండి ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) గుమ్మం దగ్గర ఇవ్వడం. మొదటి రోజు చేత్తో పిండితే సిరంజిలో వచ్చింది 3 మి.లీ. ఆ 3 మి.లీ. పట్టుకుని వరండాలో నడిచినంత జాగ్రత్తగా నేను ఇంకెప్పుడూ నడవలేదు. ముర్రుపాలు చిక్కగా ఉంటాయి కాబట్టి పంపు కన్నా చేత్తోనే బాగా వస్తాయి. పంపుకైతే గొట్టానికే అంటుకుపోతాయి. నెలలు నిండని పిల్లలకు తల్లిపాలు మందుతో సమానం. పేగు కుళ్లే ప్రాణాంతక జబ్బు వచ్చే అవకాశాన్ని తగ్గిస్తాయి. తల్లికి పాలు చాలనప్పుడు, వీలున్న చోట, పాల బ్యాంకులో శుద్ధి చేసిన పాలు ఇస్తారు.

మరి నెలలు నిండిన బిడ్డకు, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు, పంపు ఒక్కదాని మీదే ఆధారపడొచ్చా? ఇది ఎంచుకునే ముందు కాగితం మీద లెక్క వేయండి. పంపు పెట్టడానికి 20 నిమిషాలు. అవే పాలు సీసాతో పట్టడానికి ఇంకో 20 నిమిషాలు, త్రేన్పు తెప్పించడం అదనం. కడిగి, ఆరబెట్టడానికి 10 నిమిషాలు. ఒక్క విడతకు దాదాపు గంట. మొదటి వారాల్లో రోజుకు 8 సార్లు. ఒకే పని రెండుసార్లు చేసినట్టు. పంపు స్వేచ్ఛ ఇస్తుందని అనేవాళ్లను నేను నమ్మను. ఇంట్లో సీసా పట్టడానికి, సామాన్లు కడగడానికి ఇంకో మనిషి నిజంగా ఉంటేనే అది స్వేచ్ఛ. లేకపోతే అన్ని పద్ధతుల్లోకీ ఇదే ఎక్కువ అరగదీస్తుంది. ఒక రాత్రి రెండున్నరకి లేచి, కళ్లు మూసుకునే పంపు పెట్టుకుని, ఇరవై నిమిషాలు దాని గురగుర వింటూ కూర్చున్నాను. తీరా చూస్తే సీసాలు రెండూ పొడిగా ఉన్నాయి. బాతుముక్కులా ఉండే చిన్న రబ్బరు వాల్వు రెండు వైపులా బిగించడం మర్చిపోయాను. వాల్వులు సింకు పక్కన గుడ్డ మీద ఆరుతున్నాయి.

ఏ పంపు అంటే, వాడకాన్ని బట్టి. వారానికి రెండు మూడుసార్లు బయటికి వెళ్లేవాళ్లకు చేత్తో నొక్కే పంపు చాలు, చప్పుడూ ఉండదు. రోజూ పిండాల్సినవాళ్లు రెండు వైపులా ఒకేసారి లాగే కరెంటు పంపే తీసుకోవాలి. బట్టల లోపల పెట్టుకునేవి ముచ్చటగా ఉంటాయి, ఆఫీసులో బాగా పనికొస్తాయి. కానీ పాలు ఇంకా నిలదొక్కుకోని మొదటి వారాల్లో వాటి మీదే ఆధారపడొద్దు. పంపు కంటే ముఖ్యం రొమ్ముకు ఆనించే గరాటు సైజు. డబ్బాలో వచ్చినదే అందరికీ సరిపోతుందనుకోవడం నేను చేసిన ఇంకో తప్పు. చనుమొన గరాటు గోడలకు రాసుకోకుండా కదలాలి, చుట్టూ ఉన్న చర్మం పెద్దగా లోపలికి పోకూడదు. నాకు డబ్బాలో వచ్చినదానికన్నా చిన్నది కావాల్సి వచ్చింది. మార్చిన రోజే నొప్పి తగ్గింది. లాగుడు ఎక్కువ పెడితే పాలు ఎక్కువ రావు, పుండే పడుతుంది.

నిలవ సంగతి. అప్పుడే పిండిన పాలు 25 డిగ్రీల సెల్సియస్ దాటని గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి వైపు 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలలు బాగుంటాయి. కరిగించినవి ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటల్లోపు పట్టాలి, లేదా పారబోయాలి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, ఒక చోట మరిగి ఒక చోట చల్లగా ఉండి బిడ్డ నోరు కాలుతుంది. కరిగిన పాలు కొందరివి సబ్బు వాసన వేస్తాయి. పాడైనట్టు కాదు, పిల్లలు చాలామంది తాగేస్తారు. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకైతే ఈ గంటలు పనికిరావు, అక్కడివాళ్లు చెప్పిందే పాటించాలి.

ఉద్యోగానికి తిరిగి వెళ్లేవాళ్లు ఫ్రీజర్ నింపాలని టెన్షన్ పడతారు. మొదటి రెండు రోజులకు సరిపడా ఉంటే చాలు. ఆ తర్వాత ఈరోజు పిండినవి రేపటికి. బిడ్డ తాగే వేళ తప్పిన ప్రతిసారీ ఒకసారి, అంటే సుమారు మూడు గంటలకోసారి పిండాలి. ఫ్రీజర్ గురించి కాక గది గురించి ముందే అడగండి: లోపల గడియ, ఒక ప్లగ్, దగ్గర్లో నీళ్లు. సెలవులో ఉండగానే మెయిల్ పెట్టి ఖరారు చేసుకోండి. వెళ్లాక అడిగితే బాత్రూమ్ చూపిస్తారు.

డబ్బాపాలు

మా వదినకు పాతికేళ్లప్పుడు రొమ్ము తగ్గించే ఆపరేషన్ జరిగింది. పాలు వచ్చాయి గానీ చాలినన్ని రాలేదు. మూడో వారానికి బిడ్డ పుట్టిన బరువుకు కూడా చేరలేదు. డాక్టరు డబ్బాపాలు రాశారు, నెలకల్లా బిడ్డ బుగ్గలు వచ్చేశాయి. వదిన మాత్రం ఎవరైనా ఇంటికొస్తే సీసా తీసుకుని లోపలి గదిలోకి వెళ్లేది. నాకు ఇప్పటికీ బాధనిపించేది ఆ లోపలి గది.

డబ్బాపాలలో పోషకాలు ఉంటాయి, తల్లి ఒంట్లోంచి వచ్చే రోగనిరోధక పదార్థాలు ఉండవు. విరేచనాలు, చెవిపోట్లు, ఛాతీ జబ్బులు రావడానికి అవకాశం కొంచెం ఎక్కువ. శుభ్రమైన నీళ్లు, వేడి చేసే వీలు ఉన్న ఇంట్లో ఈ తేడాను చాలావరకు సంభాళించుకోవచ్చు. నీళ్ల మీద నమ్మకం లేని చోట మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ డబ్బాపాలు నిజంగానే ప్రమాదం.

కలపడంలో జరిగే తప్పులే ఎక్కువ హాని చేస్తాయి, వీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. పొడి సూక్ష్మక్రిములు లేనిది కాదు, డబ్బా మూత తీయకముందు కూడా. అందుకే మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కంటే చల్లారకముందే, అంటే దించిన అరగంటలోపు, పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో చెప్పింది. ముందు నీళ్లు కొలిచి పోయండి, తర్వాత పొడి. స్కూపు కత్తితో సమం చేసినట్టు ఉండాలి, గోపురంలా కాదు. డబ్బా తొందరగా అయిపోతోందని పలుచగా కలిపితే బిడ్డ ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా రావచ్చు. బలం కదా అని చిక్కగా కలిపినా ముప్పే. కలిపాక సీసాను కుళాయి కింద తిప్పుతూ చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. కలిపినవి 2 గంటల్లోపు, బిడ్డ మూతి పెట్టాక గంటలోపు. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొడి కన్నా తయారుగా దొరికే ద్రవం మేలు, అందులో క్రిములు ఉండవు.

డబ్బాల వరస ముందు నిలబడితే తల తిరుగుతుంది. మామూలుగా పుట్టిన, ఏ ఎలర్జీ లేని బిడ్డకు ఆవుపాలతో చేసిన మొదటి దశ పొడి చాలు. సోయావి, ప్రోటీన్ విడగొట్టినవి డాక్టరు చెబితేనే. 6 నెలల తర్వాత రెండో దశకు మారాల్సిన అవసరం లేదు, ఏడాది నిండాక మామూలు పాలే పట్టొచ్చు. ఏడాదిలోపు మాత్రం మామూలు పశువుల పాలు ముఖ్య ఆహారంగా వద్దు. మెదడుకు, తెలివికి అని డబ్బా మీద రాసినవి చూసి టెన్షన్ పడకండి. తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై 1981లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి ప్రకారం కంపెనీలు తల్లులకు ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు. పెద్దమ్మాయి పుట్టిన ఆసుపత్రిలో డిశ్చార్జ్ కాగితాలతో పాటు నా సంచిలో ఒక చిన్న డబ్బా పెట్టి పంపారు. అప్పుడు దాన్ని దయ అనుకున్నాను.

ఈ పద్ధతికున్న బలం, రాత్రి ఎవరైనా లేవొచ్చు, ఎంత తాగిందో కళ్లతో చూడొచ్చు. బలహీనత, వెనక్కి రావడం కష్టం. రొమ్ము ఖాళీ అవడం ఆగితే పాలు తగ్గిపోతాయి. తిరిగి తెప్పించిన తల్లులు ఉన్నారు గానీ, వారాల తరబడి పట్టుదల కావాలి. మనసు ఊగిసలాడుతుంటే మొదటి నెలలో పూర్తిగా ఆపేయకండి, రోజుకు రెండుసార్లయినా పట్టండి. తలుపు తెరిచి ఉంటుంది.

రెండూ కలిపి

దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. తల్లిపాలవాళ్లకు ఇది ఓటమి, డబ్బాపాలవాళ్లకు అనవసరపు తిప్పలు. నాకు మాత్రం ఇదే మనిషి చేయగలిగిన పనిలా కనిపించింది. ఆగాల్సింది ఒక్కటే: బరువు సమస్య లేకపోతే, పాలు నిలదొక్కుకునే 4 నుంచి 6 వారాల దాకా. ఆ తర్వాత రోజుకు ఒక పూటను, రోజూ అదే పూటను, డబ్బాపాలకు వదిలేయండి. మా ఇంట్లో అది రాత్రి పదింటిది. నేను తొమ్మిదిన్నరకి పడుకునేదాన్ని, మా ఆయన పట్టేవారు. మళ్లీ రెండున్నరకి నా వంతు. వరసగా అయిదు గంటల నిద్ర. పాలు తయారీకి తోడ్పడే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువ కాబట్టి రాత్రి విడతలన్నీ ఒకేసారి వదిలేయకూడదు.

నేను పడిన గోతి చెబుతాను. పెద్దదానికి రెండో రాత్రి నర్సరీలో నన్ను అడక్కుండానే సీసా పట్టారు. ఇంటికొచ్చాక ప్రతిసారీ రొమ్ము పట్టి, ఆపైన "ఎందుకైనా మంచిది" అని 30 మి.లీ. సీసాతో ఇచ్చేదాన్ని. పొట్ట నిండి బిడ్డ మూడు నాలుగు గంటలు పడుకునేది. అందరూ చూసి "చూశావా, నీ పాలు చాలట్లేదు" అన్నారు. అది పడుకున్నంతసేపూ రొమ్ము ఖాళీ కాలేదు, మర్నాటికి పాలు ఇంకొంచెం తగ్గాయి, సీసాలో 30 కాస్తా 60 అయింది. నిజంగా పైపాలు అవసరమైతే ఇవ్వాల్సిందే. కానీ ఇచ్చిన ప్రతిసారీ తర్వాత పది నిమిషాలు పిండండి, వారానికోసారి బరువు చూసుకుంటూ డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించండి. ఇది తెలిసేసరికి పెద్దదానికి మూడో నెల. సీసా పూర్తిగా తప్పించలేకపోయాను. ఏడో నెలలో తనే రొమ్ము వద్దని సీసా వైపు చెయ్యి చూపించింది.

రెండూ పట్టేవాళ్లు సీసా నిదానంగా పట్టాలి. బిడ్డను కాస్త నిలువుగా కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టుకుని, నెమ్మదిగా కారే పీకతో, మధ్యమధ్య ఆపుతూ. నిలువుగా ఎత్తి పోస్తే అయిదు నిమిషాల్లో అయిపోయే పాలకు అలవాటు పడి రొమ్ము దగ్గర విసుక్కుంటుంది. నాలుగు రోజులే పైపాలు ఇవ్వాల్సి వస్తే సీసా అక్కర్లేదు, ఉగ్గుగిన్నె చాలు, కడగడం కూడా సులువు.

చెల్లి సంగతి

చెల్లికి పాలకు ఏ లోటూ లేదు. చేపు వచ్చిందంటే రవిక తడిసిపోయేది. అయిదో వారానికి అది ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. బిడ్డ పడుకున్నా తను పడుకోలేకపోయేది. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ అని డాక్టరు చెప్పి మందు మొదలుపెట్టారు. పాలిస్తూనే వాడగలిగే మందులు ఉన్నాయి, సెర్ట్రలిన్ లాంటివి. మందు మొదలైతే పాలు మానేయాలన్న మాట చాలాసార్లు తప్పు, డాక్టరును గుచ్చి అడగండి. చెల్లి మాత్రం ఏడో వారంలో మానేస్తానంది. దానికి కావాల్సింది రాత్రి నిద్ర. నేను ఫోన్లో అరగంట వాదించాను. ఇంత బాగా వస్తున్న పాలు ఎలా ఆపుతావే అన్నాను. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు, తర్వాత ఫోన్ పెట్టేసింది. మానేశాక నెలలో అది మళ్లీ నవ్వింది. ఆ అరగంట నేను వెనక్కి తీసుకోలేను.

అందుకే తల్లి నిద్రనూ మనసునూ ఈ పోలికలో ఒక పక్కన వేసే చిల్లరలా కాక, బరువు, డైపర్ల సంఖ్యతో సమానంగా లెక్కేస్తాను. పాలు చేపే క్షణంలో కొందరికి ఉన్నట్టుండి దిగులు కమ్ముకుని ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. అది ఒంట్లో జరిగే మార్పు, మీ పిచ్చి కాదు, డాక్టరుకు చెప్పండి.

నేనైతే

మూడు నెలలు పైన సెలవు ఉండి, ఇంటి పని చూసుకునే మనిషి ఉంటే నేరుగా పట్టడం మీదే పట్టుబడతాను, ఆరు వారాల దాకా ఏ నిర్ణయమూ మార్చను. ఆరో వారానికే పనికి వెళ్లాల్సి ఉంటే మూడో వారం చివర్లో రోజుకొకసారి పిండడం మొదలుపెడతాను. ఉదయం మొదటి విడత తర్వాత, అప్పుడే ఎక్కువ వస్తాయి. పని చోట పిండే వీలు లేకపోతే పగలు డబ్బాపాలు, ఉదయం, సాయంత్రం, రాత్రి రొమ్ము. రొమ్ము ఆ వేళలకు తనే సర్దుకుంటుంది. కవలలైతే ఒక్కరాత్రి కూడా ఒంటరిగా ఉండను. బిడ్డకు గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని పుట్టు జబ్బు) ఉందని తేలితే తల్లిపాలు పనికిరావు. తల్లికి కీమోథెరపీ జరుగుతుంటే, హెచ్‌ఐవీ ఉంటే వాడే మందులను బట్టి డాక్టరే తేల్చాలి, పక్కింటివాళ్లు కాదు.

ఏది ఎంచుకున్నా రొమ్ములో ఒక చోట ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే పాలు పట్టడం ఆపొద్దు. గడ్డ కరగాలని గట్టిగా రుద్దొద్దు, వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసి, బిడ్డకు ఎప్పటిలాగే పట్టండి. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. మాన్పించేటప్పుడు కూడా ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు రోజులకు ఒక విడత చొప్పున తగ్గించండి.

చెల్లికి ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల. మొన్న ఫోన్ చేసి "అక్కా, ఈసారి ఏం చేయమంటావ్?" అంది. నా పంపు అటక మీదుందని, గొట్టాలూ వాల్వులూ కొత్తవి కొనాలని చెప్పాను. రాత్రి పది విడతకు మరిదిగారిని ఇప్పుడే ఒప్పించి ఉంచమన్నాను. మిగతాది పద్నాలుగో రోజు బరువు చూశాక మాట్లాడుకుందాం అన్నాను. సరే అంది.